మబ్బన్న పాటలో ఖాళీ

ఎర్రిస్వామన్న చెవి చాలా మంచిది. ఆ చెవే చివరికి ఆయన కొంప ముంచింది.

గుంతకల్లు రైల్వే కాలనీలో ఆయన టికెట్ల గుమస్తాగా కంటే హార్మోనియం మనిషిగానే ఎక్కువమందికి తెలుసు. వాళ్ళ నాయన సోమప్ప పౌరాణిక నాటకాలకు హార్మోనియం వాయించేవాడు. ఊరూరా తిరిగి, పద్యం వెంట మెట్లు నొక్కి, పోతూ పోతూ కొడుక్కి ఆ పెట్టె ఒక్కటే ఆస్తిగా ఇచ్చిపోయాడు. పెట్టెతో పాటు పొగరు కూడా ఇచ్చిపోయాడని నేను ఎగతాళి చేసేవాణ్ణి. శ్రుతి తప్పితే అన్న దగ్గర ఎవరికీ మాఫీ లేదు. ఒక పెళ్ళిలో బ్యాండువాళ్ళ శ్రుతి కలవలేదని విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశాడు. ఆ పెళ్ళి ఆయన భార్య ఇంద్రాణి వదినకు సొంత చెల్లెలిది. వదిన ఆ సంగతి ఇప్పటికీ నవ్వుతూనే చెబుతుంది కానీ, ఆ నవ్వులో కొంచెం కారం ఉంటుంది.

ఇక నేను. నా పేరు కొండప్ప. లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాను. సాయంత్రాలు రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో అన్న హార్మోనియం పక్కన కూర్చుని డోలక్ వాయించేవాణ్ణి. ఆయనకు శ్రుతి పిచ్చి ఎంతో నాకు తాళం పిచ్చి అంత. మా ఇద్దరి మధ్య పడిన పాట బతికి బట్టకట్టడం కష్టమని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం పాటలకు ప్రాణం పోసేది మేమే అనుకునేవాళ్ళం.

కూలివాళ్ళు పాడుకునే పాటలంటే అన్నకు చులకన. "అవి పాటలా కొండప్పా? చేతులకు పనుండాదని నోటికీ పని పెట్టుకుంటారు, అంతే" అనేవాడు. నేనూ తలూపేవాణ్ణి. మా అమ్మ కూడా కూలికి పోయి పాడిన మనిషే. అయినా తలూపాను.

పధ్నాలుగేళ్ళ కిందట ఆయనను యాడికి దగ్గరి ఒక చిన్న స్టేషనుకు బదిలీ చేశారు. రోజుకు రెండు ప్యాసింజర్లు ఆగితే గొప్ప. టికెట్ల కిటికీ ముందు కుక్కలు నిద్రపోయేవి. పట్టాలు దాటితే అంతా వేరుశనగ చేలు. ఆ ఏడు జూన్‌లో ఒక పదును వాన పడింది, విత్తనం వేశారు, తర్వాత వాన మొహం చాటేసింది. మా దిక్కున అది కొత్త కాదు. మొలిచిన పైరులో కలుపు మాత్రం వానతో పనిలేకుండా పెరుగుతుంది కాబట్టి ఆడవాళ్ళు చేలల్లో కలుపు తీస్తూనే ఉన్నారు.

ఆగస్టులో ఒకరోజు నాకు ఫోను చేశాడు. "విను కొండప్పా, విను" అన్నాడు. ఆ తర్వాత మాట లేదు. ఫోనును కిటికీలోంచి బయటికి పెట్టినట్టున్నాడు. నాకు గాలి హోరు తప్ప ఏమీ వినపడలేదు. "ఏముండాదన్నా వినేకి? గాలే గదా" అన్నాను. ఆయన ఫోను పెట్టేశాడు.

ఆయన విన్నది తర్వాత చెప్పాడు. పదిమంది ఆడవాళ్ళు సాళ్ళల్లో వరుసగా కూర్చుని కలుపు తీస్తున్నారు. తిరుపాలమ్మ అనే ఆమె ఒక చరణం ఎత్తుకుంటే మిగిలినవాళ్ళు అందుకుంటున్నారు.

*మబ్బన్న మబ్బన్న మా యింటి మబ్బన్న*
*బళ్ళారి దోవ బట్టి ఏల బోతావన్న*
*సజ్జరొట్టె కాల్చినా, సల్ల చిలికి పెట్టినా*
*తిని పోవన్న, మా చేను తడిపి పోవన్న*

నిజంగానే ఆ నెలంతా మబ్బులు మా మీదుగా బళ్ళారి వైపు పోతూనే ఉన్నాయి. మేఘాన్ని దేవుడని మొక్కడం లేదు, దండం పెట్టడం లేదు. పుట్టింటి నుంచి వచ్చిన అన్న తిండి తినకుండా పోతుంటే చెల్లెలు వాకిట్లో అడ్డం నిలబడినట్టు పాడుతున్నారు. ఎర్రిస్వామన్న టికెట్ల కిటికీ తెరిచి పెట్టి, టికెటు అడిగిన ముసలాయనను పలకరించకుండా, పట్టాలు దాటి పోయి గట్టు మీద కూర్చున్నాడు. ఆ ముసలాయన టికెటు లేకుండానే రైలెక్కాడట.

"మా నాయన నలభై ఏండ్లు పద్యాలకు వాయించినాడు కొండప్పా. అంతమంది రాజులు, దేవుళ్ళు పాడినారు. ఆయమ్మ 'అన్నా' అని పిలిచినట్ల ఎవురూ పిలవల్యా" అన్నాడు ఆదివారం ఇంటికి వచ్చినప్పుడు. ఏడ్చానని కూడా చెప్పాడు. సిగ్గుపడలేదు. బ్యాండు శ్రుతి కోసం పెళ్ళిభోజనం వదిలిన మనిషేనా ఇతను అని నేను నోరు తెరుచుకుని చూశాను.

ఆ రోజు నుంచి ఆయన మారిపోయాడు. మధ్యాహ్నం రైలు పోగానే గట్టు మీదికి చేరేవాడు. టికెట్ల పాత రిజిస్టరు వెనక కాగితాల్లో ఆ పాటకు స్వరాలు రాసుకున్నాడు. ఆ కాగితాలు నేను చూశాను. రెండు చోట్ల ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి ఉంది. ఒకటి, "అన్నా" అనే పిలుపు దగ్గర ఆమె గొంతు హార్మోనియంలో ఏ మెట్టుకూ దొరకడం లేదు, రెండు మెట్ల మధ్య నిలుస్తోంది. రెండు, ప్రతి చరణం చివర ఒక ఖాళీ వస్తోంది. ఎవరూ పాడరు, ఎవరూ మాట్లాడరు, మళ్ళీ అందరూ ఒక్కసారి ఎత్తుకుంటారు. ఆ ఖాళీ ఏ తాళం లెక్కలోనూ ఇమడలేదు.

ప్రేమ పుట్టినప్పుడు ఊరికే వింటూ కూర్చుని ఉంటే బాగుండేది. అన్నకు అది చేతకాలేదు, నాకు అసలే చేతకాలేదు. ఆ పాటను పదిమందికీ వినిపించాలన్నాడు ఆయన. డిసెంబరులో గుంతకల్లులో రైల్వేవాళ్ళ ఉత్సవం ఉంది, అందులో తిరుపాలమ్మ చేత పాడిద్దామని నేను ఎగదోశాను.

ఆమెను మూడు రోజుల ముందే పిలిపించాం. వదిన వాళ్ళింట్లోనే ఉంచుకుంది. నలభై అయిదేళ్ళుంటాయేమో, పొట్టి మనిషి, గోళ్ళ సందుల్లో ఎర్రమన్ను. ఇన్‌స్టిట్యూట్‌లో జంపఖానా మీద కూర్చోబెట్టి మైకు ముందు పెట్టి పాడమన్నాం. పాడింది. చరణం చివర ఆగింది. నా చెయ్యి డోలక్ మీద దెబ్బ వేసేసి, ఆమె కోసం ఎదురుచూస్తూ గాల్లో నిలిచింది.

ఇక్కడ దాచిపెట్టేది లేదు. ఆ మాట మొదట అన్నది నేనే. "అమ్మా, ఆడ తాళం జారిపోతాంది. తప్పు పాడతాండావు" అన్నాను.

ఆమె ముఖం చిన్నబోయింది. "మాకేం తెలుసు సామీ, సదువు లేనోళ్ళం. చిన్నప్పట్నుంచి ఇట్లే పాడతాండాం. ఎట్ల పాడల్లో చెప్పండి, పాడతా" అంది.

అన్న ఒక్క క్షణం నా వైపు చూశాడు. నన్ను కాదనలేదు. ఆ ఎర్ర సున్నాలు ఆయన మనసులోనూ ఉన్నాయి కదా. హార్మోనియం ముందుకు లాక్కుని, చరణం అయిన వెంటనే ఖాళీ లేకుండా రెండో చరణం ఎత్తి చూపించాడు. "అన్నా" అనే చోట పై మెట్టు నొక్కి, "ఈడికి రావల్ల గొంతు" అన్నాడు. రెండు రోజులు పట్టింది. ఆమెకు ఆ ఖాళీ గొంతులో కాదు, ఒంట్లో ఉన్నట్టుంది. ఎంత చెప్పినా చరణం చివర భుజాలు ముందుకు కదిలేవి. పాడినంతసేపూ ఆమె వేళ్ళు జంపఖానా దారాలు పీకుతూనే ఉండేవి. లేచాక చూస్తే ఆమె కూర్చున్న చోట అరచేతి వెడల్పున అల్లిక ఊడిపోయి ఉంది. నేను దానికి కూడా విసుక్కున్నాను.

మూడో రోజుకు తప్పు లేకుండా పాడింది. భుజాలు కదల్లేదు. అన్న చప్పట్లు కొట్టాడు. ఉత్సవంలో జనం కూడా కొట్టారు. శాలువా కప్పారు, మరునాడు పేపర్లో ఫోటో వచ్చింది. ఆ తర్వాత ఒక చిన్న స్టూడియోలో ఆ పాట రికార్డు చేయించాం. అది ఫోన్లకెక్కింది, రింగుటోనయింది, పెళ్ళి వీడియోల వెనక కూడా వినపడింది. ఊరికి పోయే రోజు బస్సులో కూర్చున్నాక ఆమె కిటికీలోంచి అన్న చెయ్యి పట్టుకుని, "మా పాటను సరిచేసినారు సామీ. మా ఊర్లో అందరికీ నేర్పిస్తా" అంది. ఆమె అంత సంతోషంగా ఉండడం చూసి మా కడుపు నిండిపోయింది. ఆ నిండిన కడుపును తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

అన్న మళ్ళీ గుంతకల్లుకు బదిలీ అయ్యాడు. తిరుపాలమ్మ ఉగాదికీ దసరాకూ ఫోను చేసేది. ఆరేళ్ళ కిందట కడుపులో ఏదో జబ్బుతో పోయింది. ఆ రోజు డ్యూటీలో ఉండి అన్న పోలేకపోయాడు. తర్వాత పోదాం పోదాం అనుకున్నాం. మన పోదాంలకు అంతు ఎక్కడుంది.

రిటైరయ్యాక అన్న శింగనమల దగ్గర వదినకు పుట్టింటివాళ్ళిచ్చిన రెండెకరాల్లో వేరుశనగ వేశాడు. పోయిన ఏడు జూలైలో ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. ప్యాంటు మోకాళ్ళ దగ్గర ఎర్రమన్ను. కాళ్ళు కూడా కడుక్కోకుండా అరుగు మీద కూలబడ్డాడు.

"ఏమప్పా అన్నా, పడినావా యాడన్నా?" అన్నాను.

"ఆ ఖాళీ తప్పు కాదు కొండప్పా" అన్నాడు.

ఏ ఖాళీయో నాకు వెంటనే తట్టలేదు. ఆయన మా అరుగు మీదే గొంతుక్కూర్చుని చూపించాడు. ఆ పొద్దు వదిన కలుపు తీస్తుంటే ఈయన పక్కన సాలులో కూర్చుని మబ్బన్న పాట పాడాడట. పాట ముందు పోతోంది, వదిన వెనకబడుతోంది. ఎంత పాడినా కలవలేదు. ఏమిటా అని తనూ కలుపు తీయడం మొదలుపెట్టాడు. ఒక మొక్క, రెండో మొక్క, మూడో మొక్క పీకి, వేళ్ళకున్న మన్ను విదిలించి గట్టు మీదికి వేసి, కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే ఒక జానెడు ముందుకు జరగాలి. జరిగేటప్పుడు ఊపిరి బిగుస్తుంది. పాట రాదు.

"ఆ జరిగే అడుగు కొండప్పా ఆ ఖాళీ! పదిమందీ ఒక్కసారి జరిగేకి పెట్టుకున్నారు. ఒకరు వెనకబడకుండా, ఒకరి చెయ్యి ఒకరికి తగలకుండా. మనం దాన్ని కోసి పారేసినాం" అన్నాడు. "ఆయమ్మ భుజాలు కదుల్తాంటే సూసినా. సూసి కూడా మెట్టు మీదికి రమ్మన్నా. నేనేం మనిషినప్పా!"

నాకు జంపఖానా గుర్తొచ్చింది. ఆమె కలుపు తీస్తూనే పాడింది. మేమే చూడలేదు.

అప్పటి నుంచి ఆయనకు ఒకటే కోరిక. ఆ పాటను మేము చెయ్యి పెట్టకముందు ఎలా ఉండేదో అలా ఒక్కసారి వినాలి. ఫోనులో పట్టుకోవాలి. మొదట విన్నప్పుడు రికార్డు చేసుకోలేదు. రాసుకున్న కాగితాల్లో ఎర్ర సున్నాలే ఉన్నాయి కానీ ఖాళీ ఎంతసేపో, గొంతు రెండు మెట్ల మధ్య ఎక్కడ నిలిచిందో ఏ కాగితం చెబుతుంది?

ఈ ఆగస్టులో ఇద్దరం నా మోటారుసైకిలు మీద ఆ ఊరికి పోయాం. తిరుపాలమ్మ కోడలు రామాంజినమ్మ ఎదురొచ్చి కాళ్ళకు నీళ్ళిచ్చింది. గోడ మీద పేపర్లో వచ్చిన ఫోటో, ప్లాస్టిక్ అతికించి, పసుపు కుంకుమ పెట్టి ఉంది. అందులో తిరుపాలమ్మ శాలువాతో నవ్వుతోంది, పక్కన మేమిద్దరం.

"ఇప్పుడు కలుపు తీసేటప్పుడు పాడతాండారామ్మా?" అని అడిగాడు అన్న.

"యాడ సార్! సగం మంది కలుపు మందే కొడతాండారు. కూలికి పోయినా పాడేకి కుదరదు. పాట పాడితే పని ఆగుతాది, పని చేస్తే పాట ఆగుతాది. ఎందుకో మరి, మా యత్త కాలంలో రెండూ అయితాండె అంట" అంది.

అన్న నా వైపు చూడలేదు. నేనూ ఆయన వైపు చూడలేదు.

ఆ పాత గుంపులో మిగిలింది ఒక్క బయమ్మ అని తెలిసింది. డెబ్బై దాటిన మనిషి. పాడమంటే మంచం మీద కూర్చుని తల అడ్డంగా ఊపింది. "గుర్తు లేదు సామీ" అంది. అన్న వదల్లేదు. "చేన్లోకి పోదామా అవ్వా?" అన్నాడు. ఆమెను మెల్లగా నడిపించుకుని ఊరి పక్కనే ఉన్న రామాంజినమ్మ వాళ్ళ చేలోకి తీసుకుపోయాం. అక్కడ మరో ముగ్గురు ఆడవాళ్ళు కలుపు తీస్తుంటే రామాంజినమ్మ కూడా వాళ్ళతో కూర్చుంది. బయమ్మ వాళ్ళ పక్కన సాలులో గొంతుక్కూర్చుంది. చెయ్యి తనంతట తనే గరిక మీదికి పోయింది.

కాసేపు ఊరికే పీకింది. తర్వాత, మేమెవరం అక్కడ లేనట్టు, సన్నగా ఎత్తుకుంది.

*మబ్బన్న మబ్బన్న మా యింటి మబ్బన్న...*

గొంతు వణుకుతోంది కానీ "అన్నా" దగ్గర అది పై మెట్టుకూ పోలేదు, కింది మెట్టుకూ దిగలేదు. అక్కడే, మధ్యలో నిలిచింది. అన్న ఫోను సంగతే మరిచి కళ్ళు మూసుకున్నాడు. చరణం అయిపోయింది. బయమ్మ గరిక వేళ్ళ మన్ను విదిలించింది. జానెడు ముందుకు జరగడానికి ఒంటిని లేపింది. పాట ఆగింది. ఆ ఖాళీ వచ్చింది.

ఆ ఖాళీలో ఒక చప్పుడు అయింది. నా చెయ్యి నా తొడ మీద తాళం వేసింది.

నేను వేయాలని వేయలేదు. నలభై ఏళ్ళ అలవాటు. అన్న గబుక్కున నా మణికట్టు పట్టుకున్నాడు కానీ అప్పటికే రామాంజినమ్మ తల ఎత్తింది.

"తాళం తప్పుతాండావు పెద్దమ్మా! సార్ల ముందర మా యత్త పరువు తీస్తాండావు. అట్ల ఆపితే మా యత్త ఎంత తిట్టేదో మరిచినావా?"

బయమ్మ నాలుక కరుచుకుంది. "అవునవును. తిరుపాలు నేర్పింది గదా. ముసలిదాన్ని, మరిచినా. తప్పయింది సామీ" అంది.

అన్న ఆమె ముందు మన్నులో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "తప్పు కాదవ్వా. నువ్వు పాడిందే సరి. నాది తప్పు, నేను నేర్పింది తప్పు. ఇంగొక్కసారి అట్లే పాడవ్వా, నీకు దండం పెడతా" అన్నాడు.

ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. పెద్దవాళ్ళు అలాగే తగ్గి మాట్లాడతారని వాళ్ళ నవ్వు. బయమ్మ ఆయన తల మీద చెయ్యి వేసింది. "మా తప్పు నువ్వెందుకు మీదేసుకుంటావు నాయనా? లెయ్, మన్నయితాది గుడ్డలకు. సరిగ్గానే పాడతాంలే" అంది.

అయిదుగురూ కలుపు వదిలేసి మా వైపు తిరిగి కూర్చున్నారు. బయమ్మ నా చేతి వైపు చూసి, తల ఊపి, ఎత్తుకుంది. మిగిలినవాళ్ళు అందుకున్నారు. "అన్నా" దగ్గర అయిదు గొంతులూ పై మెట్టుకు చేరాయి. నాలుగు చరణాలూ ఒకదాని వెంట ఒకటి, సందు లేకుండా, మేము నేర్పినట్టే వచ్చాయి. అన్న ఫోను జేబులోంచి తీయలేదు. మన్నులో అలాగే మోకాళ్ళ మీద ఉన్నాడు. అయిదుగురి చేతులూ ఒళ్ళో ఖాళీగా ఉన్నాయి. తాళం ఒక్క చోట కూడా తప్పలేదు.